ఆ పాత హాలీవుడ్ సినిమా నిజంగా ‘ఫ్రీ’యేనా? కాపీరైట్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

యూట్యూబ్‌లో పాత హాలీవుడ్ సినిమా ఒకటి మొత్తం దొరుకుతుంది. కింద ‘పబ్లిక్ డొమైన్’ అని రాసి ఉంటుంది. లక్షల మంది చూసేసి ఉంటారు. ఇంకేం, డౌన్‌లోడ్ చేసి తెలుగు సబ్‌టైటిల్స్ వేసి మన ఛానల్‌లో పెట్టేద్దామనో, కాలనీ ఫిల్మ్ క్లబ్‌లో టికెట్ పెట్టి ఆడిద్దామనో అనిపిస్తుంది.

అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆ రెండు మాటలు రాసింది ఆ వీడియో పెట్టిన వ్యక్తే తప్ప ఏ ప్రభుత్వమూ కాదు. పొరపాటు జరిగితే ఛానల్‌కు స్ట్రైక్ పడొచ్చు. విషయం అమెరికా కోర్టుకు వెళ్తే ఒక్కో సినిమాకు 750 డాలర్ల నుంచి 30 వేల డాలర్ల వరకు పరిహారం వేయొచ్చు. తెలిసే చేశారని తేలితే అది లక్షా 50 వేల డాలర్ల దాకా వెళ్లొచ్చు. భారత చట్టంలోనూ తెలిసి చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

అలాగని భయపడి వదిలేయాల్సిన పనీ లేదు. నిజంగానే ఎవరైనా వాడుకోగలిగే అమెరికన్ క్లాసిక్‌లు వందల్లో ఉన్నాయి. ఏది ఆ కోవలోకి వస్తుందో చెప్పే రికార్డులు చాలావరకు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. వాటిని ఎలా చదవాలన్నదే అసలు పని.

ముందు చూడాల్సింది విడుదలైన సంవత్సరం

అమెరికాలో పాత సినిమాల కాపీరైట్‌కు గరిష్ఠ గడువు విడుదలైన ఏడాది నుంచి 95 ఏళ్లు. ఆ 95వ ఏడాది డిసెంబర్ 31తో హక్కు ముగుస్తుంది. మర్నాడు, అంటే జనవరి 1న సినిమా పబ్లిక్ డొమైన్‌లోకి వస్తుంది. అందుకే ఏటా కొత్త సంవత్సరం రోజున ఒక ఏడాది సినిమాలన్నీ కలిసికట్టుగా బయటకు వస్తాయి. 1928 నాటి మిక్కీ మౌస్ కార్టూన్ ‘స్టీమ్‌బోట్ విల్లీ’ 2024 జనవరి 1న వచ్చింది అలాగే. ‘ఆల్ క్వైట్ ఆన్ ద వెస్టర్న్ ఫ్రంట్’ లాంటి 1930 సినిమాల వంతు 2026 జనవరి 1న వచ్చింది. 1931లో విడుదలైన చాప్లిన్ ‘సిటీ లైట్స్’, బెలా లుగోసి ‘డ్రాక్యులా’ 2027 జనవరి 1 వరకు ఆగాలి.

కాబట్టి 2026లో ఈ కథనం చదువుతుంటే 1930, అంతకు ముందు అమెరికాలో విడుదలైన సినిమాల గురించి పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. అమెరికా వరకు వాటి గడువు అయిపోయినట్టే.

రెండో కొస 1964. ఆ ఏడాది నుంచి 1977 వరకు విడుదలైన సినిమాలకు 1992లో చేసిన చట్టం రెన్యువల్‌ను ఆటోమేటిక్ చేసేసింది. అందుకే కాపీరైట్ నోటీసు సరిగ్గా ఉన్న 1964 తర్వాతి సినిమా ఏదైనా ఇంకా హక్కుల కిందే ఉందని అనుకోవాలి. 1978 తర్వాతి సినిమాల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

చిక్కంతా మధ్యలోని 1931 నుంచి 1963 వరకు విడుదలైన సినిమాలతోనే. మనం ‘క్లాసిక్ హాలీవుడ్’ అనుకునేదంతా దాదాపు ఈ కాలంలోదే కావడం విశేషం.

28వ ఏట మర్చిపోతే అంతే

1909 నాటి అమెరికా చట్టం ప్రకారం కాపీరైట్ మొదట 28 ఏళ్లకే వచ్చేది. 28వ ఏట వాషింగ్టన్‌లోని కాపీరైట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి రెన్యువల్ చేయించుకుంటే రెండో విడత దక్కేది. ఆ రెండో విడత కూడా మొదట్లో 28 ఏళ్లే. తర్వాతి చట్టాలు దాన్ని పెంచుకుంటూ వచ్చాయి. 1998లో చేసిన సవరణతో మొత్తం 95 ఏళ్లయింది.

ఆ 28వ ఏట దరఖాస్తు పెట్టకపోతే? హక్కు అక్కడితో పోయినట్టే. క్షమాపణలు లేవు, ఆలస్య రుసుము లేదు. స్టూడియో మూతపడినా, నిర్మాత చనిపోయినా, ఫైలు ఎక్కడో పెట్టి మరిచిపోయినా ఫలితం ఒకటే. కేరీ గ్రాంట్ నటించిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ (1940), డెట్రాయిట్ అనే నగరంతో ఏ సంబంధమూ లేని నేర కథ ‘డీటూర్’ (1945), జాన్ వేన్ ‘మెక్లింటాక్’ (1963) ఇలా జారిపోయినవే. పెద్ద స్టూడియోలకూ ఈ పొరపాటు తప్పలేదు. ఫ్రెడ్ ఆస్టేర్ గోడల మీదా, సీలింగ్ మీదా డ్యాన్స్ చేసే ‘రాయల్ వెడ్డింగ్’ (1951) మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సినిమా.

అయితే ‘చాలా సినిమాలు రెన్యువల్ కాలేదట’ అన్న మాటను గుడ్డిగా నమ్మొద్దు. పుస్తకాలు, పటాలు, పత్రికలతో పోలిస్తే సినిమాల రెన్యువల్ చాలా ఎక్కువ. పేరున్న స్టూడియో సినిమా అయితే రెన్యువల్ అయ్యే ఉంటుందని అనుకుని, కాలేదని రుజువు దొరికితేనే ముందుకు వెళ్లడం మంచిది. ‘గాన్ విత్ ద విండ్’, ‘ద విజార్డ్ ఆఫ్ ఓజ్’ రెండూ 1939 సినిమాలే, రెండింటి హక్కులూ 2034 చివరి వరకు భద్రంగా ఉన్నాయి.

రికార్డు ఎక్కడ వెతకాలి?

ఇక్కడ చాలామంది తప్పు తలుపు తడతారు. గూగుల్‌లో వెతికితే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వారి రెన్యువల్ డేటాబేస్ కనిపిస్తుంది. సినిమా పేరు కొడితే ఏమీ రాదు. ‘రెన్యువల్ కాలేదు, పని అయిపోయింది’ అనుకుంటారు. కానీ ఆ డేటాబేస్‌లో ఉన్నవి పుస్తకాల రెన్యువల్సే. సినిమాలు అందులో అసలు ఉండవు.

వెతకాల్సిన చోటు సినిమా వయసును బట్టి మారుతుంది. 1978 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు, రెన్యువల్స్ అన్నీ కాపీరైట్ ఆఫీసు సొంత వెబ్‌సైట్ (కాపీరైట్ డాట్ గవ్)లోని పబ్లిక్ రికార్డ్స్ విభాగంలో ఉన్నాయి. ఖాతా తెరవాల్సిన పని లేదు, డబ్బులు కట్టక్కర్లేదు. ఇండియా నుంచి ఫోన్‌లో కూడా చూడొచ్చు. 1951 నుంచి 1963 మధ్య విడుదలైన సినిమాకు 28వ ఏడు 1978 తర్వాతే వస్తుంది కాబట్టి ఈ ఒక్క చోట జాగ్రత్తగా వెతికితే చాలు. అక్కడ రెన్యువల్ నంబర్లు ‘ఆర్ఈ’ అనే అక్షరాలతో మొదలవుతాయి. అది కనిపించిందంటే సినిమా ఇంకా హక్కుల కిందే ఉంది.

1931 నుంచి 1949 వరకు వచ్చిన సినిమాలకు పాత అచ్చు పుస్తకాలే దిక్కు. ‘కాటలాగ్ ఆఫ్ కాపీరైట్ ఎంట్రీస్’ పేరుతో కాపీరైట్ ఆఫీసు ఏళ్ల తరబడి ప్రచురించిన సంపుటాలు ఇవి. స్కాన్ చేసిన ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. 1950 నాటి సినిమా అయితే రెండు చోట్లా చూడాలి. దాని 28వ ఏడు 1977, 78లలో పడుతుంది కాబట్టి.

ఒక ఉదాహరణ చూద్దాం. సినిమా 1946లో విడుదలైంది. దాని 28వ ఏడు 1973లో మొదలై 1974లో ముగుస్తుంది. కాబట్టి ఆ రెండు సంవత్సరాల సంపుటాల్లో ‘మోషన్ పిక్చర్స్’ భాగం తెరిచి, రెన్యువల్స్ జాబితాలో సినిమా పేరు చూడాలి. రెన్యువల్ ఉంటే ‘ఆర్’ అక్షరంతో ఒక నంబరు, పక్కన అసలు రిజిస్ట్రేషన్ తేదీ, నంబరు ఉంటాయి. కథా చిత్రాల అసలు నంబర్లు సాధారణంగా ‘ఎల్‌పీ’తో, డాక్యుమెంటరీల వంటివి ‘ఎంపీ’తో మొదలవుతాయి.

అసలు రిజిస్ట్రేషన్ ఎప్పుడు జరిగిందో పట్టుకోవడం ఇంకా సులువు. సినిమాల కోసమే కాపీరైట్ ఆఫీసు కలిపి వేసిన సంపుటాలు ఉన్నాయి: 1912–1939, 1940–1949, 1950–1959, 1960–1969. మొదట ఇందులో సినిమాను పట్టుకుని, విడుదల తేదీ, నిర్మాణ సంస్థ పేరు, ఏ కథ ఆధారంగా తీశారన్నది నోట్ చేసుకోండి. ఆ చివరి వివరం ముందుముందు చాలా పనికొస్తుంది. ఆ తర్వాతే 28 ఏళ్లు కలిపి రెన్యువల్ సంపుటానికి వెళ్లండి.

స్కాన్ చేసిన పుస్తకంలో సెర్చ్ బాక్సును మాత్రం పూర్తిగా నమ్మకండి. పాత అచ్చు కాబట్టి కంప్యూటర్ అక్షరాలను తప్పుగా చదువుతుంది. పేరు కొడితే రాకపోయినా, పేజీ తిరగేస్తే కనిపించిన సందర్భాలు బోలెడు. అక్షరక్రమంలో ఆ పేజీకి వెళ్లి కళ్లతో చూసుకోవాల్సిందే. సినిమా పేరు మొదట్లో ‘ద’, ‘ఎ’ ఉంటే వాటిని వదిలేసి తర్వాతి మాటతో వెతకండి. వేరే పేరుతో మళ్లీ విడుదలైందేమో చూడండి. హక్కుదారు సంస్థ పేరుతోనూ వెతకండి.

కనిపించలేదంటే ఆ ‘కనిపించలేదు’ అన్నదే మీ రుజువు. అందుకని ఏ సంపుటం, ఏ పేజీ చూశారో, ఆ పేరు ఉండాల్సిన చోట ముందూ వెనకా ఏ పేర్లు ఉన్నాయో స్క్రీన్‌షాట్ తీసి, తేదీతో దాచుకోండి. రేపు ఎవరైనా క్లెయిమ్ వేస్తే నోటిమాటకు విలువ ఉండదు.

ఇదంతా మన వల్ల కాదనుకుంటే కాపీరైట్ ఆఫీసు సిబ్బందే వెతికి రిపోర్టు ఇస్తారు. గంటకు 200 డాలర్లు, కనీసం రెండు గంటల రుసుము. ఈ ఫీజులు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు వారి పట్టిక చూసుకోండి. రిపోర్టులో రికార్డుల్లో ఏముందో చెబుతారు తప్ప ‘ఈ సినిమా ఫ్రీ’ అని తీర్పు ఇవ్వరు. ఆ నిర్ణయం మీదే. ఒక యూట్యూబ్ వీడియో కోసం ఇంత ఖర్చు దండగ అనే నా అభిప్రాయం. డాక్యుమెంటరీనో, ఓటీటీకి అమ్మే ప్రాజెక్టో చేస్తుంటే మాత్రం ఆలోచించాల్సిందే.

టైటిల్ కార్డులో ఒక్క మాట తప్పిపోతే...

రెన్యువల్‌తో పని లేకుండానే విడుదలైన రోజే హక్కు పోయిన సినిమాలూ ఉన్నాయి. 1978కి ముందు విడుదలయ్యే ప్రతి ప్రతిలో కాపీరైట్ నోటీసు ఉండి తీరాలి. ‘కాపీరైట్’ అనే మాట గానీ, దాని పొట్టి రూపం గానీ, గుండ్రంలో సి అక్షరం ఉన్న గుర్తు గానీ ఉండాలి. దాంతో పాటు హక్కుదారు పేరు ఉండాలి, మామూలుగా సంవత్సరం కూడా వేసేవారు.

‘ఛరేడ్’ (1963) సంగతి చూడండి. ఆడ్రీ హెప్‌బర్న్, కేరీ గ్రాంట్ జంట, పెద్ద స్టూడియో, భారీ ఖర్చు. టైటిల్స్‌లో సంవత్సరం వేశారు, యూనివర్సల్ పేరు వేశారు, సర్వ హక్కులూ తమవేనని కూడా వేశారు. ‘కాపీరైట్’ అనే మాటా లేదు, ఆ గుర్తూ లేదు. దాంతో సినిమా విడుదలైన క్షణం నుంచే అమెరికాలో పబ్లిక్ డొమైన్.

జార్జ్ రొమెరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) కథ ఇంకా బాధాకరం. మొదట పెట్టిన పేరు వేరు. ఆ పేరున్న కార్డు మీదే కాపీరైట్ నోటీసు కూడా ఉంది. డిస్ట్రిబ్యూటర్ పేరు మార్చి కొత్త కార్డు వేయించినప్పుడు పాత కార్డుతో పాటు నోటీసూ పోయింది. జాంబీ సినిమాలన్నింటికీ తాత లాంటి ఆ సినిమాను ఎవరికి వారు వీడియోలుగా వేసుకుని అమ్ముకున్నారు. తీసినవాళ్లకు దక్కాల్సిన డబ్బు అలా పోయింది. 1964 తర్వాతి సినిమా కాబట్టి రెన్యువల్ ఆటోమేటిక్ అనే లెక్క దీనికి ఎందుకు పనిచేయదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. లేని హక్కును పొడిగించలేరు.

ఈ నియమం 1978లో కొంత సడలింది. నోటీసు మరిచినా ఐదేళ్లలోపు రిజిస్టర్ చేసి, తప్పు దిద్దుకునే ప్రయత్నం చేస్తే హక్కు నిలిచేది. 1989 మార్చి 1 నుంచి నోటీసు అవసరమే లేకుండా పోయింది.

నోటీసు ఉందో లేదో తేల్చడానికి యూట్యూబ్ ప్రతి పనికిరాదు. టీవీ వాళ్లు, వీడియో కంపెనీలు టైటిల్ కార్డులు కోసేస్తుంటారు. థియేటర్‌లో ఆడిన అసలు ప్రింట్‌లో ఏముందన్నదే లెక్క. సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటుంది కాబట్టి ఓపిగ్గా లెక్కపెట్టుకోండి. ఎం అంటే 1000, సీఎం అంటే 900, ఎక్స్ఎల్ అంటే 40, వీఐ అంటే 6. మొత్తం 1946. నోటీసులో అసలు విడుదల కంటే ముందటి ఏడాది వేసి ఉంటే గడువు ఆ ముందటి ఏడాది నుంచే లెక్కిస్తారు.

సినిమా ఫ్రీ, కథ మాత్రం కాదు

ఇంతవరకు చూసి ఆగిపోయేవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు. సినిమా ఒక్క హక్కు కాదు. కింద కథో నాటకమో ఉంటుంది, లోపల సంగీతం ఉంటుంది. వాటికి విడివిడిగా కాపీరైట్ ఉండొచ్చు.

ఫ్రాంక్ కాప్రా ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946) దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. చెప్పాల్సిందే కూడా. విడుదలైనప్పుడు ఆశించినంత ఆడలేదు. 1974లో రెన్యువల్ చేయించలేదు. పైసా కట్టకుండా వేసుకోవచ్చని తెలియగానే అమెరికా టీవీ స్టేషన్లు క్రిస్మస్ వచ్చిందంటే చాలు, రోజంతా దాన్నే వేశాయి. అలా చూసి చూసి జనం ఆ సినిమాను తమ ఇంటి సినిమా చేసుకున్నారు. హక్కు పోవడమే దాని అదృష్టమైంది.

1993లో కథ అడ్డం తిరిగింది. రిపబ్లిక్ పిక్చర్స్ ముందుకొచ్చి ‘సినిమా మీది కాకపోవచ్చు, మాది కాకపోవచ్చు; కానీ దాని మూలకథ మాది, అందులో దిమిత్రి టియోమ్‌కిన్ సంగీతం మాది’ అంది. మూలకథ ఫిలిప్ వాన్ డోరెన్ స్టెర్న్ రాసిన ‘ద గ్రేటెస్ట్ గిఫ్ట్’. రచయిత దాన్ని 1943లో క్రిస్మస్ కార్డులా సొంతంగా అచ్చు వేయించి స్నేహితులకు పంచాడు. ఆ చిన్న కథ ఆధారంగానే టీవీ స్టేషన్లన్నింటినీ ఆపేశారు. 1994లో ప్రసార హక్కులు ఎన్‌బీసీకి దక్కాయి. ఇరవై ఏళ్లు ఫ్రీగా నడిచిన సినిమా మళ్లీ తాళం కిందకు వెళ్లింది.

ఈ ధైర్యం వారికి ఎక్కడిదంటే 1990 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి వచ్చింది. హిచ్‌కాక్ ‘రియర్ విండో’ (1954)కు మూలం కార్నెల్ వూల్‌రిచ్ రాసిన ఒక పత్రిక కథ. కథకు రెన్యువల్ సమయం రాకముందే 1968లో రచయిత చనిపోయాడు. ఆయన ఆస్తి చూసుకునే బ్యాంకు 1969లో రెన్యువల్ చేయించి, ఆ హక్కును షెల్డన్ అబెండ్ అనే లిటరరీ ఏజెంటుకు 650 డాలర్లకు, పైన వచ్చే రాబడిలో పది శాతం వాటాకు ఇచ్చింది. సినిమాను మళ్లీ విడుదల చేసినప్పుడు అబెండ్ కేసు వేసి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. జేమ్స్ స్టీవర్ట్, హిచ్‌కాక్ వారసులు, యూనివర్సల్ మాతృసంస్థ ఒకవైపు. 650 డాలర్లు పెట్టిన మనిషి ఒకవైపు. మూలకథ హక్కు బతికి ఉన్నంతకాలం సినిమా వాడుకోవాలంటే ఆ హక్కుదారు అనుమతి కావాలన్నది అందులో సారం.

అందుకే ఇందాక నోట్ చేసుకోమన్న మూలకథ పేరును ఇప్పుడు వెతకాలి. అది పుస్తకంగా వచ్చి ఉంటే ఇక్కడ స్టాన్‌ఫర్డ్ డేటాబేస్ బాగా పనికొస్తుంది. ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’కు మూలం ‘ద ఫ్రంట్ పేజ్’ అనే 1928 నాటకం. సినిమా హక్కు ఎప్పుడో పోయినా నాటకం హక్కు 2023 చివరి వరకు ఉంది. 2024 జనవరి 1 తర్వాతే ఆ చిక్కు తీరింది. సినిమా కోసమే నేరుగా రాసిన స్క్రిప్టు అయితే భయం తక్కువ. అచ్చు కాని స్క్రీన్‌ప్లే ఆధారంగా ‘మెక్లింటాక్’ మీద హక్కు కోరిన కేసులో, సినిమాలోకి వచ్చినంత మేరకు ఆ స్క్రీన్‌ప్లే కూడా సినిమాతో పాటే ప్రచురితమైనట్టు 1998లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు తేల్చింది.

సంగీతానిదీ ఇదే దారి. ‘ఛరేడ్’ సినిమా ఫ్రీ అయినా హెన్రీ మాన్సినీ పాటను విడిగా తీసుకుని మీ రీల్‌కు పెట్టుకుంటే అది వేరే లెక్క.

మీ చేతిలో ఉన్నది ఏ ప్రింట్?

మూకీ సినిమా 1925ది కావచ్చు, దానికి వెనక వినిపించే పియానో 2005లో వాయించి రికార్డు చేసింది కావచ్చు. ఆ సంగీతానికి కొత్త కాపీరైట్ ఉంటుంది. రంగులు అద్దిన ప్రతులు, కొత్తగా రాసిన సబ్‌టైటిళ్లు, వ్యాఖ్యానం, మళ్లీ ఎడిట్ చేసిన వెర్షన్లు అన్నీ అంతే. చాప్లిన్ ‘ద గోల్డ్ రష్’ 1925 నాటి మూకీ వేరు, 1942లో ఆయనే సంగీతం, వ్యాఖ్యానం చేర్చి విడుదల చేసింది వేరు. పాత ప్రింటే కావాలంటే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ‘నేషనల్ స్క్రీనింగ్ రూమ్’ విభాగంలో చూడండి. డౌన్‌లోడ్ చేసుకోగలిగేవి అక్కడ చాలా ఉన్నాయి, ఒక్కో సినిమాకు హక్కుల సమాచారం కూడా ఇస్తారు.

అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు తమ విధుల్లో భాగంగా తీసిన సినిమాలకు అసలు కాపీరైట్ ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో సైన్యం కోసం కాప్రా తీసిన ‘వై వి ఫైట్’ వరుస అలాంటిదే.

ఒక హెచ్చరిక. ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన సినిమా అమెరికాది అయిపోదు. హిచ్‌కాక్ ‘ద 39 స్టెప్స్’ (1935), కేరల్ రీడ్ ‘ద థర్డ్ మ్యాన్’ (1949) బ్రిటిష్ సినిమాలు. రెన్యువల్ కాలేదనే కారణంతో అమెరికాలో ఒకప్పుడు ఫ్రీగా తిరిగిన ఇలాంటి విదేశీ సినిమాలకు 1996 జనవరి 1 నుంచి హక్కులు తిరిగి ఇచ్చారు. దీన్ని 2012లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. పాత ‘పబ్లిక్ డొమైన్’ జాబితాల్లో ఇవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి.

ఇదే నియమం మన సినిమాలకూ వర్తిస్తుంది. 1950ల నాటి తెలుగు సినిమాకు 1996 నాటికి భారత్‌లో హక్కు ఉండి ఉంటే, అమెరికాలో దానికి 95 ఏళ్ల లెక్కే. ఇక్కడ గడువు తీరిందని డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు సంఘం వేడుకలో ఆడిద్దామనుకునేవారు ఇది గమనించాలి.

మరి ఇండియాలో?

భారత చట్టంలో సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ల కాపీరైట్ ఉంటుంది. విదేశీ సినిమాకు ఇక్కడిచ్చే గడువు దాని సొంత దేశంలో ఉన్న గడువును మించకూడదన్న నియమం కూడా ఉంది. దీనివల్ల వింత పరిస్థితి వస్తుంది. అమెరికాలో హక్కు పోయినది ఇక్కడా పోయినట్టే. అమెరికాలో హక్కు ఉన్న 1960 నాటి సినిమాకు కూడా ఇక్కడ సినిమాగా గడువు 2020 చివరితో తీరిపోయింది.

వినడానికి బాగుంది కానీ దీన్ని పట్టుకుని పరుగెత్తకండి. మన చట్టంలోనూ సినిమా హక్కు వేరు, అందులోని కథ, పాట, సంగీతం హక్కులు వేరు. అవి రచయిత లేదా స్వరకర్త మరణించాక 60 ఏళ్ల వరకు ఉంటాయి. పైగా ఇండియాలో ఫ్రీ అయినది మీరు యూట్యూబ్‌లో పెడితే అమెరికాలోనూ కనిపిస్తుంది. అక్కడ అది ఉల్లంఘనే. హైదరాబాద్‌లో ఒక హాల్లో ఆడించడం, ప్రపంచమంతా కనిపించేలా అప్‌లోడ్ చేయడం రెండూ ఒకటి కావు.

సినిమా ఫ్రీ అయినంత మాత్రాన హీరోయిన్ ఫొటోను టీ-షర్ట్ మీద వేసి అమ్ముకోవచ్చని కూడా కాదు. చనిపోయిన నటీనటుల పేరు, రూపాన్ని వ్యాపారానికి వాడుకోవడంపై కాలిఫోర్నియా చట్టం 70 ఏళ్ల పాటు వారసులకు హక్కు ఇచ్చింది. మిక్కీ మౌస్ విషయంలో ట్రేడ్‌మార్క్ అనే మరో గోడ ఉంది. 1928 నాటి రూపం వాడుకోవచ్చు గానీ, అది డిస్నీ సరుకు అనిపించేలా అమ్మకూడదు.

అన్నీ చూసుకున్నా క్లెయిమ్ వస్తే?

వస్తుంది. యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఒక యంత్రం. ఎవరో అదే పబ్లిక్ డొమైన్ సినిమాను తమ డీవీడీ నుంచి ఎక్కించి ఉంటే, మీ ప్రతిని కూడా వారిదేనంటుంది. క్లెయిమ్ అంటే స్ట్రైక్ కాదు, కంగారుపడి వీడియో తీసేయకండి. ముందు క్లెయిమ్ దేని మీదో చూడండి. సినిమా మీదా, నేపథ్య సంగీతం మీదా, లేక ఏదో నిమిషంన్నర ముక్క మీదా? సంగీతం మీదైతే ఆ ప్రింట్‌లోని సంగీతం కొత్తదేమో మళ్లీ సరిచూసుకోండి.

మీ లెక్క సరైనదేనని నమ్మకం ఉంటే డిస్‌ప్యూట్ వేయొచ్చు. కారణం రాసే చోట ‘ఇది పాత సినిమా, అందరూ పెడుతున్నారు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. సినిమా పేరు, విడుదలైన తేదీ, అసలు రిజిస్ట్రేషన్ నంబరు, ఏ ఏడాది రెన్యువల్ కావాల్సింది, ఏ సంపుటం ఏ పేజీలో వెతికితే లేదు, మూలకథ పరిస్థితి ఏమిటి, ప్రింట్ ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఇవన్నీ నాలుగైదు వాక్యాల్లో రాయండి. క్లెయిమ్ వేసినవారికి జవాబు చెప్పడానికి 30 రోజులు ఉంటుంది. ఆలోగా స్పందించకపోతే క్లెయిమ్ పోతుంది.

వారు ఒప్పుకోకపోతే అప్పీల్ చేయొచ్చు. అక్కడ వారికి గడువు 7 రోజులే. అయితే ఇక్కడి నుంచి మెట్టు మెట్టుకూ ప్రమాదం పెరుగుతుంది. అప్పీల్ తర్వాత వారు తొలగింపు నోటీసు ఇస్తే ఛానల్‌కు స్ట్రైక్ పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు. దానికి మీరు ఇచ్చే కౌంటర్ నోటిఫికేషన్ అమెరికా చట్టం కింద ప్రమాణం చేసి ఇచ్చే పత్రం, అందులో మీ అసలు పేరు, చిరునామా అవతలివారికి వెళ్తాయి. తీసిపెట్టుకున్న స్క్రీన్‌షాట్లు చేతిలో లేకుండా ఆ పత్రం మీద సంతకం పెట్టొద్దు.